మూపురంలో నీరు లేదు

దివ్యఖుర్ఆన్‌లోని అల్ గాషియా సూరా బోధించే ప్రతిసారీ, ఒంటె సృష్టిని గమనించమన్న ఆయతు వద్ద మేము ఆగి, "ఒంటె తన మూపురంలో నీరు దాచుకుంటుంది" అని విద్యార్థులకు వివరిస్తూ వచ్చాము. మా ఉస్తాద్ మాకు చెప్పినదే మేమూ చెప్పాము. నిరుడు పన్నెండేళ్ళ బాలుడొకడు లేచి, "హజ్రత్, అందులో ఉండేది కొవ్వు కదా!" అన్నాడు. మేము వాడిని కసిరి కూర్చోబెట్టాము.

ఆ రాత్రి మనసొప్పక పుస్తకాలు తిరగవేశాము. బాలుడి మాటే నిజం.

మూపురం కొవ్వు నిల్వ మాత్రమే. నీటి పొదుపు మరోచోట జరుగుతుంది. 1950ల దశకంలో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారాలో ఒంటెలను పరీక్షించారు. దప్పిగొన్న ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, పగటివేళ 40 డిగ్రీలు దాటుతుందని కనుగొన్నారు. మనకైతే అది ప్రమాదకరమైన జ్వరం. ఒంటెకు చెమట రూపంలో నీరు పోకుండా కాపాడుకునే ఉపాయం. శరీర బరువులో నాలుగో వంతు నీరు కోల్పోయినా అది బతుకుతుంది. పిదప నీరు దొరికితే ఒక్క విడతలో 100 లీటర్ల వరకు తాగగలదు. కోలగా ఉండే దాని ఎర్ర రక్తకణాలు అంతటి తాకిడికీ పగలవు.

ఇదంతా జన్యువులలో ఎలా లిఖితమై ఉన్నదో ఇటీవలే కొంత తెలియవచ్చింది. 2012లో రెండు మూపురాల ఒంటె జన్యుపటం వెలువడింది. మూత్రపిండాలలో ఉప్పు, నీటి వ్యవహారంతో సంబంధమున్న 'సివైపి2జె' అనే జన్యువుకు అందులో 11 ప్రతులు కనిపించాయి. మదర్సాలో ఒకే కితాబు ఉంటే పిల్లలందరూ వంతు కోసం వేచి ఉండాలి; పదకొండు ఉంటే పాఠం చకచకా సాగుతుంది. ఇదీ అటువంటిదే. ఉప్పు మేత ఎంత తిన్నా ఒంటెకు రక్తపోటు రాకపోవడానికి ఇదొక కారణమని పరిశోధకుల అభిప్రాయం. మనమో, ఊరగాయ రెండు ముద్దలు ఎక్కువైతే హకీము గారిని వెతుక్కుంటాము! 2014లో ఒంటి మూపురపు ఒంటెనూ, దక్షిణ అమెరికాలోని దాని బంధువైన అల్పాకానూ కలిపి పరిశీలించారు. కొవ్వు, నీటి వినియోగానికే కాక, తీవ్రమైన ఎండనూ ఇసుక ధూళినీ తట్టుకోవడానికి సంబంధించిన జన్యువులలోనూ ఒంటెలకు ప్రత్యేకత ఉన్నదని తేలింది.

ఆయతు ఆజ్ఞ గమనించమని. మేము గమనించకుండానే ఇన్నేళ్ళు వ్యాఖ్యానించాము. మరునాడు తరగతిలో ఆ మాట ఒప్పుకొని, బాలుడిని బోర్డు వద్దకు పిలిచి సుద్దముక్క చేతికిచ్చాము. వాడు ఒంటె బొమ్మ గీసి, మూపురంపై పెద్ద అక్షరాలతో 'కొవ్వు' అని రాశాడు. ఒత్తు మరచిపోతే మేమే దిద్దాము.