ఇసుక మీద పనిచేసేవాళ్లకు గోడలు లేవు

పుదుచ్చేరి ఫ్రెంచి వీధులు దాటి సముద్రం ఒడ్డున ఉత్తరంగా నడిస్తే వైతికుప్పం వస్తుంది. అది మత్స్యకారుల పేట. మాసి మగం నాడు మైలం మురుగన్‌తో సహా ఎన్నో గుళ్ల దేవుళ్లను సముద్ర స్నానానికి ఇక్కడికే తెస్తారు. ఆ రోజు భక్తులకు తీసిపోకుండా కెమెరాలు కూడా వస్తాయి. నేను యానాం నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన దళితుణ్ణి. నా చేతిలోనూ ఒక ఫోను ఉంది.

పండగ మర్నాడు చేపలు ఎండబెడుతున్న ఒక అక్కను ఫొటో తీశాను. ఎవరైనా బొమ్మలు ఎక్కించగలిగే ఒక వెబ్‌సైటులో పెడదామని నా ఉద్దేశం. ఆమె తలెత్తి తమిళంలో అడిగింది: "ఎవరిని అడిగి తీశావు తంబీ? సునామీ అప్పుడూ ఇలాగే తీసుకుపోయారు. ఒక్కటీ తెచ్చి చూపించలేదు."

నా దగ్గర జవాబు లేదు. చట్టం దగ్గర మాత్రం ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే. అందులో కనిపించే మనిషి కాదు. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా బొమ్మలు పెట్టవచ్చు. కానీ వాటిని వ్యాపారానికి కూడా వాడుకోనిచ్చే లైసెన్సు ఇవ్వాలి. అంటే ఆమె ముఖాన్ని ప్రపంచానికి ధారాదత్తం చేసే సంతకం నాది. ఆమెది కాదు.

"బహిరంగ ప్రదేశంలో తీసినదే కదా, అనుమతి ఎందుకు?" అంటారు. ఇక్కడే నా పేచీ. ఈ దేశంలో ఎవరి బతుకు బహిరంగం? మేడలో ఉన్నవాడి వంటకూ స్నానానికీ ఏడుపుకూ గోడలున్నాయి. ఇసుక మీద చేపలు ఎండబెట్టే మనిషికి లేవు. మురుగుకాలువలో దిగే మనిషికి లేవు. బహిరంగ ప్రదేశం అనే నియమం అందరికీ ఒకటే. దాని బరువు మాత్రం కులాన్ని బట్టి పడుతుంది.

"అందరికీ తలుపులు తెరిచాం, ఇదే ప్రజాస్వామ్యం" అనేవారికి మహాద్‌ను గుర్తుచేస్తాను. చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి పురపాలక సంఘం 1924లోనే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి తాగేదాకా ఆ నీళ్లు అంటరానివారికి అందలేదు. కాగితం మీద తెరిచిన తలుపు వేరు, మనుషులు నడిచివెళ్లిన తలుపు వేరు.

బొమ్మలే వద్దనేవారితోనూ నేను లేను. 2016 జూలైలో ఉనాలో దళితులను కొట్టినవాళ్లే గర్వంగా వీడియో పెట్టారు. అదే సాక్ష్యమై దేశాన్ని కదిలించింది. అదే ఏడాది జనవరిలో, అంబేడ్కర్ పటం పట్టుకుని హాస్టల్ నుంచి బయటికి నడుస్తున్న రోహిత్ వేముల బొమ్మ ఫోన్ల మీదుగా ప్రతి క్యాంపస్‌కూ చేరింది. అందుకే ఎక్కించే హక్కు మనకు కావాలి. కానీ మనం ఎదుటివారి పద్ధతిలోనే ఎక్కించకూడదు.

ఆ అక్క దళితురాలు కాదు. ఈ తీరంలో మత్స్యకారులకూ దళితులకూ మధ్య తగువులున్నాయి. సునామీ సాయంలో దళితులను పక్కన పెట్టిన సంగతి నివేదికలకెక్కింది. నాగపట్టణంలో శవాలెత్తిన పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది దళితులే. మరి ఆ రోజుల ఫొటోల కింద ఎందరి పేర్లున్నాయి? ఒడ్డున ఏడ్చిన తల్లి "బాధితురాలు" అయింది, శవమెత్తినవాడు "కార్మికుడు" అయ్యాడు. తీసినవాడి పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి బొమ్మ ఎక్కించే ప్రతి సైటూ లైసెన్సు కంటే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో ఉన్న మనిషి దీన్ని చూశారా? కింద ఏం రాయాలో వారిని అడిగావా? రేపు వద్దంటే తీసేస్తావా? సైట్లు అడగకపోతే, పరిశోధన పేరుతో పేటల్లోకి కెమెరాతో వెళ్లే మనమైనా అడగాలి. థీసిస్ అట్ట మీద వేసిన ముఖానికి థీసిస్ లోపల పేరు లేకపోవడం మనలో ఎవరికీ కొత్త కాదు.

వారం తర్వాత ఆ ఫొటో ప్రింటు తీయించి వైతికుప్పం పట్టుకెళ్లాను. ఆమె చాలాసేపు చూసి, "చేపలు బాగా పడ్డాయి, నేనే పడలేదు. ఎక్కడా పెట్టకు" అంది. ప్రింటు తన దగ్గరే ఉంచుకుంది. నేను ఫోనులోది తీసేశాను.

జై భీమ్.