నలభై లోపు గర్భసంచి తీస్తే లెక్క చెప్పాలి

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట "గర్భసంచి తీపిచ్చుకున్నా" అనే మాట మామూలైపోయింది. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఎక్కువైందనో, ఉంచితే క్యాన్సర్ వస్తుందన్నారనో తీయించేస్తారు. "పిల్లలు చాలు, ఇంక సంచితో పనేముంది?" అని ఇంట్లోవాళ్లూ తలూపుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం!

ఆ తర్వాత వచ్చే దిగులు గురించి మాత్రం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. సంచితోపాటు అండాశయాలు రెండూ తీసేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా తగ్గాల్సిన ఈస్ట్రోజెన్ రోజుల్లోనే పడిపోతుంది. మనసును, నిద్రను నడిపించే సెరటోనిన్ మీద ఈ హార్మోన్ ప్రభావం ఉంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు, దేనిమీదా మనసు పోకపోవడం అక్కడినుంచే మొదలవ్వొచ్చు. ముట్లుడగకముందే అండాశయాలు తీయించుకున్న స్త్రీలలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2008లో తేల్చారు. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే వయసు ముందుకు జరగొచ్చు. అందరికీ డిప్రెషన్ రాదు, నిజమే. వచ్చినామెకు గాలి సోకిందని తాయెత్తు కట్టడం, పని ఎగ్గొట్టే వేషాలని తిట్టడం రెండూ అన్యాయమే.

క్యాన్సర్ లాంటి వాటికి ఆపరేషన్ తప్పదు. తెల్లబట్టకు చాలాసార్లు మందులే సరిపోతాయి. ముట్టు ఎక్కువైతే మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది.

అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లోనే రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి నంద్యాల జిల్లా అధికారులు నందికొట్కూరు ఆసుపత్రుల్లో, ప్రైవేటు సహా, 40 ఏళ్ల లోపు వారికి జరిగిన ప్రతి ఆపరేషన్‌కూ కారణం నమోదు చేయించి, నెలనెలా ఎన్ని జరిగాయో బయట పెట్టాలి. అండాశయాలు తీస్తారా, ఉంచుతారా అన్నది సంతకానికి ముందే ఆమెకు తెలుగులో చెప్పాలి. తీస్తే ఈస్ట్రోజెన్ మందు ఆమెకు సరిపడుతుందో లేదో డాక్టర్ చూడాలి. ఆపరేషన్ అయిన మూడో నెలలో ఆశా కార్యకర్త ఇంటికెళ్లి రెండే రెండు ప్రశ్నలు అడగాలి: రెండు వారాలుగా మనసు కుంగిపోయి ఉందా? దేనిమీదా ఆసక్తి లేదా? అవునంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు.

ఈ కోరికలతో అర్జీ రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టర్‌కు ఇవ్వాలి. సంతకాలకు పొదుపు సంఘాల మహిళలు ముందుకు రావాలి, మగవాళ్లూ కలవాలి.