సేవ్ చేయడం వేరు, దస్తఖత్ చేయడం వేరు

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన పిల్లలకు కొత్త షౌక్ ఒకటి పట్టుకుంది. ఎడిటర్‌లో సేవ్ కొట్టగానే ఫైలు దానంతటదే గిట్‌లో కమిట్ అయిపోవాలి. ఈమాక్స్‌లో గిట్ ఆటో కమిట్ మోడ్, వీఎస్ కోడ్‌లో గిట్‌డాక్, అబ్సిడియన్‌లో గిట్ ప్లగిన్. "భాయ్‌జాన్, ఒక్కసారి సెట్ చేస్తే ఇక ఫికర్ లేదు" అంటాడు మా ఖాలా కొడుకు. ఆ ఫికర్ లేకపోవడం మీదే నా షికాయత్.

గిట్ తెలియని అమ్మీలు, అబ్బాలకు ఒక్క మాట. ఫైలు ఏ తారీఖున, ఎవరి చేతిలో, ఎందుకు మారిందో రాసిపెట్టే రిజిస్టర్ అది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ పని కోసం తయారు చేశాడు. అందులో ఒక్కో ఎంట్రీ ఒక కమిట్. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు అన్నవి మెషీన్ రాసుకుంటుంది. "ఎందుకు" అన్న ఖానా మాత్రం మనిషే నింపాలి. అదే నియ్యత్. బుఖారీ సాహెబ్ తన కితాబును నియ్యత్ హదీసుతో ఊరికే మొదలుపెట్టలేదు కదా.

ఆటో కమిట్ ఆ ఖానాలో ఏం రాస్తుంది? ఈమాక్స్‌ది ఫైలు పేరు రాసి ఊరుకుంటుంది. అబ్సిడియన్‌ది బ్యాకప్ అని రాసి టైము వేస్తుంది. సగం రాసిన ఫంక్షన్, విరిగిపోయిన కోడ్, అన్నిటికీ అదే ముద్ర. రేపు ఏదో పాడైతే, ఎక్కడ పాడైందో వెతకడానికి గిట్ బైసెక్ట్ పెడితే సగం ఎంట్రీల్లో ప్రోగ్రామ్ నడవనే నడవదు. ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునే షావుకారు దస్తావేజులు గుర్తొస్తాయి నాకు.

ఇంతకంటే ఖతర్నాక్ సంగతి ఇంకోటుంది. కబ్రస్తాన్ జమీన్ కబ్జా గురించి ఆఫీసులోని ఒకాయన నాకు చెప్పాడనుకోండి. నోట్స్‌లో ఆయన పేరు రాసి, సేవ్ చేసి, పది నిమిషాలకు తీసేశాను. ఫైల్లో పేరు లేదు, హిస్టరీలో ఉంది. పాత కమిట్ తెరిస్తే కనిపిస్తుంది. ఆటో పుష్ కూడా ఆన్ చేసి ఉంటే సర్వర్‌కు చేరిపోయింది. ఫిల్టర్ రెపోతో హిస్టరీ తిరగరాయొచ్చు, నిజమే. అప్పటికే నకలు తీసుకున్నవాడి కంప్యూటర్‌లోంచి ఎలా తీస్తారు? పోయేది ఆయన నౌకరీ. ఆయన నా దగ్గర పెట్టింది అమానత్. టెస్టింగ్ కోసం అయిదు నిమిషాలు ఫైల్లో పెట్టిన పాస్‌వర్డ్‌కూ ఇదే హాల్.

"కరెంటు పోతే?" అంటారు. దానికి ఈమాక్స్‌లో ఆటోసేవ్ ఉంది, విమ్‌లో స్వాప్ ఫైలు ఉంది. హార్డ్ డిస్క్ పోతుందన్న డర్ ఉంటే బ్యాకప్ తీసుకోండి. మసౌదా పోకుండా కాపాడే పని వాటిది. సాఫ్ నకల్ మీద దస్తఖత్ చేసే పని గిట్‌ది. రెండూ కలిపేసి ఇదే తరక్కీ అంటే ఎట్లా?

సొంత డైరీకి, ఇంటి కిరానా చిట్టాకి పెట్టుకుంటే మనా చేయను. కోడ్‌కు కావాలంటే వేరే బ్రాంచ్‌లో నడపండి. కలిపే ముందు ఆ చిన్న కమిట్లన్నీ ఒక్కటిగా చేసి, ఎందుకో మీ మాటల్లో రాయండి. పుష్ మాత్రం ఆపి పెట్టండి. ఇప్పటికే ఆన్ చేసి ఉన్నవాళ్లు ఈ రాత్రే గిట్ లాగ్ తెరిచి, అందులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూసుకోండి.