హైదరాబాదు ప్రజా రవాణా ఛార్జీలు, చెల్లింపు పద్ధతులు

హైదరాబాదు నగరంలో ప్రజా రవాణాకు ముఖ్యంగా మూడు సాధనాలు ఉన్నాయి. అవి ఆర్టీసీ సిటీ బస్సులు, మెట్రో రైలు, ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు. వీటిలో మొదటి రెండింటి ఛార్జీలు 2025 సంవత్సరంలో పెరిగాయి. ఆ కొద్ది సంవత్సరాలలోనే టికెట్టుకు డబ్బు చెల్లించే పద్ధతులు కూడా చాలా మారాయి. ఛార్జీలు పెరిగినప్పుడు పత్రికలలో చర్చ జరుగుతుంది. చెల్లింపు పద్ధతి మారినప్పుడు మాత్రం దానిని సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయంగా భావించడం పరిపాటి. నిజానికి ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఏ ప్రయాణికునిపై ఎంత భారం పడుతుందన్నది ఛార్జీల పట్టిక మీదనే కాక, అతడు టికెట్టు కొనే విధానం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఛార్జీలను నిర్ణయించే అధికారం

మూడు సాధనాలకు ముగ్గురు వేర్వేరు అధికారులు ఛార్జీలను నిర్ణయిస్తారు.

మెట్రో రైలుకు 2002 నాటి మెట్రో రైల్వేల (నిర్వహణ) చట్టం వర్తిస్తుంది. దీని ప్రకారం తొలి ఛార్జీలను మెట్రో యాజమాన్యమే నిర్ణయించుకోవచ్చు. ఆ తరువాత మార్చదలచుకుంటే ఛార్జీల నిర్ణయ సంఘం సిఫారసు అవసరం. ఈ సంఘానికి హైకోర్టు న్యాయమూర్తి గాని, విశ్రాంత న్యాయమూర్తి గాని అధ్యక్షత వహిస్తారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరొక సభ్యుని నియమిస్తాయి. సంఘం సిఫారసులకు యాజమాన్యం కట్టుబడి ఉండాలి.

ఆర్టీసీ విషయంలో ఇటువంటి స్వతంత్ర సంఘం లేదు. సంస్థ ప్రతిపాదిస్తుంది, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తుంది. ఎం.ఎం.టి.ఎస్. ఛార్జీలు రైల్వే శాఖ చేతిలో ఉంటాయి. 2025 జూలైలో రైల్వే శాఖ దేశమంతటా ఛార్జీలను సవరించినప్పుడు సబర్బన్ టికెట్లను ఆ పెంపు నుండి మినహాయించింది.

కాబట్టి ఒకే మనిషి ఒకే ఉదయం బస్సు, మెట్రో రెండూ ఎక్కినా, అతని మొత్తం ఖర్చు ఎంత అవుతుందో చూసే బాధ్యత ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదు.

మెట్రో ఛార్జీల పెంపు

హైదరాబాదు మెట్రోను 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఎల్ అండ్ టి సంస్థ దీనిని నిర్మించింది. మూడు కారిడార్లు కలిపి మార్గం పొడవు సుమారు 69 కిలోమీటర్లు. అప్పుడు కనీస ఛార్జీ 10 రూపాయలు, గరిష్ఠ ఛార్జీ 60 రూపాయలుగా నిర్ణయించారు.

2022లో విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ గుడిసేవ శ్యాంప్రసాద్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. ప్రజల నుండి అభిప్రాయాలు స్వీకరించి 2023 జనవరిలో నివేదిక సమర్పించింది. పెంపు అమలులోకి వచ్చింది మాత్రం 2025 మే 17న. ఆ రోజు నుండి కనీస ఛార్జీ 12, గరిష్ఠ ఛార్జీ 75 రూపాయలయ్యాయి. విమర్శలు రావడంతో యాజమాన్యం 10 శాతం రాయితీ ప్రకటించింది. మే 24 నుండి అవి వరుసగా 11, 69 రూపాయలకు తగ్గాయి.

పైకి చూస్తే కనీస ఛార్జీపై 10 శాతం, గరిష్ఠ ఛార్జీపై 15 శాతం మాత్రమే పెరిగినట్లు కనిపిస్తుంది. కాని మధ్య దూరాలలో లెక్క వేరు. ఎందుకంటే ఛార్జీలతో పాటు దూరపు అంచెల సరిహద్దులు కూడా మారాయి. 2017 పట్టికలో 6 నుండి 8, 8 నుండి 10, 10 నుండి 14 కిలోమీటర్లు అనే అంచెలు ఉండేవి. కొత్త పట్టికలో అవి 6 నుండి 9, 9 నుండి 12 అయ్యాయి. రాయితీ పోగా చెల్లించవలసిన మొత్తాన్ని పాత ఛార్జీతో పోల్చితే ఫలితం ఇలా ఉంటుంది.

* 3 కిలోమీటర్లు: 15 నుండి 17 రూపాయలు (పెంపు సుమారు 13 శాతం)
* 5 కిలోమీటర్లు: 25 నుండి 28 రూపాయలు (12 శాతం)
* 8.5 కిలోమీటర్లు: 35 నుండి 37 రూపాయలు (సుమారు 6 శాతం)
* 9.5 కిలోమీటర్లు: 35 నుండి 47 రూపాయలు (సుమారు 34 శాతం)
* 20 కిలోమీటర్లు: 50 నుండి 61 రూపాయలు (22 శాతం)

ఒక స్టేషను ముందు దిగేవాడికి 2 రూపాయలు పెరిగితే, తరువాతి స్టేషనులో దిగేవాడికి 12 రూపాయలు పెరిగే అవకాశం ఉన్నదన్నమాట. కనీస, గరిష్ఠ ఛార్జీలను మాత్రమే చూసేవారికి ఈ తేడా కనబడదు. ఛార్జీల పెంపును అర్థం చేసుకోదలచిన విద్యార్థులు మొదట అంచెలను పరిశీలించాలి.

2025 సెప్టెంబరులో మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టి నుండి తాము స్వీకరించేందుకు తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పు బాధ్యత కూడా ఇందులో భాగం. ఛార్జీల ద్వారా రాని సొమ్మును పన్నుల ద్వారా భరించవలసి వస్తుంది కనుక, ఇది మెట్రో ఎక్కని వారికి కూడా సంబంధించిన విషయమే.

బస్సు ఛార్జీల పెంపు

2019లో 52 రోజుల కార్మికుల సమ్మె ముగిసిన తరువాత, డిసెంబరు 3 నుండి ఆర్టీసీ ఛార్జీలు కిలోమీటరుకు 20 పైసల చొప్పున పెరిగాయి. 2022లో డీజిల్ ధరల కారణంగా సెస్సు విధించారు. 2025 జూన్‌లో బస్ పాస్‌ల ధరలు పెంచారు. సిటీ ఆర్డినరీ నెలవారీ పాసు 1,150 నుండి 1,400 రూపాయలకు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుండి 1,600 రూపాయలకు చేరాయి.

అదే సంవత్సరం అక్టోబరు 6 నుండి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులలో మొదటి మూడు స్టేజీల వరకు 5 రూపాయలు, నాలుగవ స్టేజి నుండి 10 రూపాయలు అదనంగా వసూలు చేయడం మొదలైనది. నగరంలో డీజిల్ బస్సుల స్థానంలో 2,800 ఎలక్ట్రిక్ బస్సులను ప్రవేశపెట్టడానికి డిపోలు, ఛార్జింగ్ కేంద్రాలు నిర్మించవలసి ఉన్నదని సంస్థ కారణం తెలిపింది.

శాతంలో కాక రూపాయలలో పెంచడం వలన ఒక పరిణామం ఏర్పడింది. 10 రూపాయల టికెట్టుకు 5 రూపాయలు కలిస్తే పెంపు 50 శాతం. 30 రూపాయల టికెట్టుకు 10 రూపాయలు కలిస్తే పెంపు 33 శాతం. అంటే దగ్గరి దూరాలకు వెళ్ళేవారిపై శాతం రీత్యా ఎక్కువ భారం పడింది.

ఈ భారం అందరిపైనా పడలేదు. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. కండక్టరు వారికి జీరో టికెట్టు ఇస్తాడు. ఆ టికెట్ల లెక్క ప్రకారం ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి. కనుక 2025 అక్టోబరు నాటి పెంపు ప్రధానంగా పురుషులపైన పడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇటువంటి పథకం స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ప్రారంభమైనది.

చెల్లింపు పద్ధతులలో మార్పు

ఒకప్పుడు కండక్టరు చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు ఉండేవి. అతడు టికెట్టు చింపి, పంచ్ చేసి ఇచ్చేవాడు. చిల్లర లేకపోతే ఇవ్వవలసిన మొత్తాన్ని టికెట్టు వెనుక వ్రాసేవాడు. దిగే ముందు దానిని అడిగి తీసుకోవడం ప్రయాణికుని బాధ్యత. మరచిపోతే అంతే సంగతులు. తరువాత టిమ్ అనే టికెట్టు యంత్రాలు వచ్చాయి. ఆ పైన క్యూఆర్ కోడ్, యూపీఐ ద్వారా చెల్లింపు మొదలైనది.

చిల్లర సమస్య ఛార్జీలనే మార్చిన సందర్భం ఉన్నది. 2022 మార్చిలో పల్లెవెలుగు బస్సుల ఛార్జీలను దగ్గరలోని 5 రూపాయల గుణిజానికి సవరించారు. 12 రూపాయలు 10 అయింది, 13 లేదా 14 రూపాయలు 15 అయింది. చిల్లర కోసం తగవులు తగ్గించడం దీని ఉద్దేశం. ఫోను ద్వారా చెల్లించే వారికి 13 రూపాయలైనా, 15 రూపాయలైనా ఒకటే సులువు. చెల్లింపు పద్ధతి మారితే ఛార్జీని గుండ్రం చేయవలసిన అవసరమే పోతుందని దీనిని బట్టి తెలుస్తుంది.

మెట్రోలో మొదటి నుండి టోకెను, స్మార్ట్ కార్డు ఉన్నాయి. 2022 అక్టోబరులో వాట్సాప్ ద్వారా టికెట్టు కొనే సౌకర్యం కూడా వచ్చింది. ఒక సంస్థ వాహనాలలో మాత్రమే చెల్లే కార్డును మూసిన విధానం అంటారు. అనేక సంస్థల వాహనాలలో చెల్లే కార్డును తెరచిన విధానం అంటారు. 2019 మార్చి 4న ప్రారంభమైన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు రెండవ రకానికి చెందినది. రూపే పద్ధతిపై పనిచేసే ఈ కార్డులోనే 2,000 రూపాయల వరకు నిల్వ ఉంచుకోవచ్చు. ఆ నిల్వతో చెల్లించడానికి ఫోను గాని, నెట్‌వర్క్ గాని అవసరం లేదు.

రెండు టికెట్ల సమస్య

ఇంటి నుండి మెట్రో స్టేషనుకు బస్సులో, అక్కడి నుండి పనిచేసే చోటికి 9.5 కిలోమీటర్లు మెట్రోలో వెళ్ళే ఒక దుకాణ ఉద్యోగిని ఊహించుకుందాం. 2025 పెంపులకు ముందు అతనికి బస్సు టికెట్టు 10, మెట్రో టికెట్టు 35, మొత్తం 45 రూపాయలయ్యేది. పెంపుల తరువాత 15, 47 కలిపి 62 రూపాయలు. తేడా 17 రూపాయలు. రానుపోను, నెలకు 25 రోజులకు లెక్కిస్తే 850 రూపాయలు అదనం.

ఏ దూరానికైనా మొదటి కిలోమీటర్ల ఛార్జీ ఎక్కువగా ఉంటుంది. వాహనం మారిన ప్రతిసారీ ఆ మొదటి అంచెను మళ్ళీ చెల్లించాలి. ఎం.ఎం.టి.ఎస్., సిటీ బస్సులకు కలిపి నెలవారీ కాంబి టికెట్టు వంటివి వచ్చినా, రోజువారీ టికెట్టులో బస్సు దూరాన్ని, మెట్రో దూరాన్ని కలిపి ఒకే ప్రయాణంగా లెక్కించే విధానం 2025 పెంపుల నాటికి నగరంలో లేదు.

ఇతర నగరాల అనుభవం

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2004 జూలై 1 నుండి బస్సు, భూగర్భ రైలు దూరాలను కలిపి ఒకే ఛార్జీ వసూలు చేస్తున్నారు. కార్డు రెండు వాహనాలలోనూ నమోదవుతుంది కనుక ఇది సాధ్యమైనది. నగదు చెల్లించేవారికి ఈ లాభం లేదు. లండన్‌లో 2003లో ఆయిస్టర్ కార్డు వచ్చింది. 2014 జూలై నుండి అక్కడి బస్సులలో నగదు స్వీకరించడం మానివేశారు. అయితే కార్డులో నిల్వ చాలకపోయినా ఒక్కసారి బస్సు ఎక్కనిచ్చే ఏర్పాటు చేశారు. రోజుకు చెల్లించే మొత్తానికి గరిష్ఠ పరిమితి కూడా ఉన్నది.

ఢిల్లీ మెట్రోలో 2017 అక్టోబరు పెంపు తరువాత రోజువారీ ప్రయాణికులు సుమారు 3 లక్షలు తగ్గినట్లు లెక్కలు వెలువడ్డాయి. బెంగళూరులో 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుండి 90 రూపాయలకు పెరిగింది. నిరసనలు రావడంతో కొన్ని అంచెలలో తగ్గించారు.

పరిశీలన

జీతాలు, విద్యుత్తు, డీజిల్, వడ్డీ పెరుగుతున్నప్పుడు ఛార్జీలు ఎన్నటికీ పెంచరాదనడం న్యాయం కాదు. మెట్రో ఛార్జీలు ఏడున్నర సంవత్సరాలు మారలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏటా కొద్దిగా పెరిగితే తట్టుకోగల కుటుంబం, ఒక్కసారి మూడవ వంతు పెరిగితే తట్టుకోలేదు.

కొత్త చెల్లింపు పద్ధతి రెండు విధాలుగా ఉపయోగపడవచ్చు. వాహనం మారినప్పుడు మొదటి అంచెను మినహాయించి, పెంపు భారాన్ని తగ్గించవచ్చు. లేదా రాయితీలను స్మార్ట్‌ఫోను ఉన్నవారికే పరిమితం చేసి, లేనివారి చేత పూర్తి ఛార్జీ కట్టించవచ్చు. యంత్రం ఒకటే, దానికి నేర్పే లెక్కలోనే తేడా. అందుచేత ఛార్జీల ప్రతిపాదన వచ్చినప్పుడు ఎంత పెరిగింది అన్న ప్రశ్నతో పాటు మరి మూడు ప్రశ్నలు అడగవలసి ఉంటుంది. ఏ అంచెలో పెరిగింది? వాహనం మారితే ఏమవుతుంది? నగదు ఇచ్చేవాడు ఎంత చెల్లిస్తాడు?