పెదనాన్న మాత్రలు అన్నయ్యకెందుకు?

రెండు నెలల కిందట శనివారం హైదరాబాద్ నుంచి నందిగామ వెళ్లాను. గుమ్మంలోనే పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. అన్నయ్యకి షుగర్ 350 దాటిందట.

పెదనాన్న కొడుకు, వయసు 33. రివటలా ఉంటాడు. ఆర్నెల్లలో ఎనిమిది కిలోలు తగ్గాడు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. చుట్టాలందరిదీ ఒకటే మాట: "స్వీట్లు తెగ తినుంటాడు!" పాపం, కాఫీలో కూడా పంచదార వేసుకోడు.

అసలు షాక్ ఏంటంటే, కొన్ని వారాలుగా పెదనాన్న మాత్రలే తనూ మింగుతున్నాడు. "ఇద్దరిదీ షుగరే కదరా, మళ్లీ డాక్టర్ ఫీజు ఎందుకు దండగ?" అన్నాడు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. యాప్ తెరుచుకోకపోతే స్క్రీన్ మీద ఒకటే ఎర్రర్ కనిపిస్తుంది. తప్పు సర్వర్‌ది కావచ్చు, నెట్‌వర్క్‌ది కావచ్చు, నేను రాసిన పిచ్చి లైన్‌ది కావచ్చు. రక్తంలో చక్కెర పెరగడమూ అలాంటి ఎర్రర్ మెసేజే. కారణం లోపల వెతకాలి.

2018లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు ఆ పనే చేశారు. కొత్తగా షుగర్ బయటపడిన 8,980 మంది లెక్కలు తీసి, పెద్దయ్యాక వచ్చే షుగర్‌ని ఐదు గ్రూపులు చేశారు. ఒకదాంట్లో మన ఇమ్యూనిటీయే ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద దాడి చేస్తుంది. ఇంకోదాంట్లో ఆ దాడి లేకుండానే ఇన్సులిన్ బాగా తగ్గిపోతుంది. మరోదాంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒంటికి పనిచేయదు, కిడ్నీలకు ముప్పు ఎక్కువ. మిగతా రెండూ కాస్త నెమ్మదైనవి. ఒకటి లావు వల్ల, ఒకటి వయసు వల్ల.

మరి మన సంగతి? 2020లో చెన్నై డాక్టర్ మోహన్ టీమ్ 19,084 మంది టైప్ 2 పేషెంట్లను చూస్తే నాలుగు గ్రూపులు తేలాయి. నూటికి 26 మందిది ఇన్సులిన్ బాగా తక్కువైన రకం. ఇన్సులిన్ తక్కువై, ఉన్నదీ సరిగ్గా పనిచేయని గ్రూపు కూడా ఒకటుంది. స్వీడన్ లిస్టులో అది లేదు.

మన హైదరాబాద్ సీసీఎంబీ, పుణె కేఈఎం ఆసుపత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి అదే ఏడాది ఇంకో సంగతి చెప్పాయి. జన్యువులకు మార్కులేసి చూస్తే మన దేశంలోనూ టైప్ 1 ఏదో, టైప్ 2 ఏదో చాలావరకు విడదీయొచ్చట.

"సన్నగా ఉన్నాను, నాకేం కాదు" అనుకునేవాళ్లకి ఒక ముచ్చట. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోనే లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, మన పుణె ఆయనకి 21.2 శాతం!

సరే, అన్నయ్య దగ్గరికి వద్దాం. సోమవారం సెలవు పెట్టి విజయవాడ తీసుకెళ్లాను. డాక్టర్ రెండు టెస్టులు రాశారు. ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో సీ-పెప్టైడ్ చెబుతుంది. ఇమ్యూనిటీ దాడి ఉందో లేదో జీఏడీ యాంటీబాడీ చెబుతుంది. దాడి ఉందని తేలింది. దీన్ని లాడా అంటారు. పైకి టైప్ 2లాగే ఉంటుంది, నెమ్మదిగా ఇన్సులిన్ అవసరమయ్యేదాకా వస్తుంది.

"ఇన్సులిన్ అంటే ఆఖరి స్టేజీ కదయ్యా" అని పెద్దమ్మ మళ్లీ ఏడ్చింది. కాదు పెద్దమ్మా, తన ఒంట్లో లేనిదే బయటి నుంచి ఇస్తున్నారు, అంతే.

ఈ గ్రూపుల లెక్క ఇంకా చాలావరకు రీసెర్చ్‌లోనే ఉంది, డాక్టర్ చీటీ మీద కనిపించదు. అందుకని ఇది చదివి ఉన్న మందులు మానేయకండి, మార్చేయకండి. సన్నగా ఉండి, చిన్న వయసులో షుగర్ వచ్చి, బరువు తగ్గిపోతుంటే మాత్రం "నాది ఏ రకం సార్?" అని ఒక్క మాట అడగండి.

ఇప్పుడు అన్నయ్య మూడు కిలోలు పెరిగాడు. పెదనాన్నేమో తన మాత్రల డబ్బా మీద మార్కర్‌తో పెద్దక్షరాలతో పేరు రాసుకున్నాడు.