రంగు పోయినను రూపము దక్కును

కొడాక్రోమ్ రంగుఫిలిమును కడిగెడు చివరి లాబొరేటరీ, అమెరికాలోని కాన్సాస్‌ యందు, 2011 జనవరిలో ఆ పని ముగించెను. కావున కడుగక మిగిలిన చుట్టలు పారవేయదగినవే యని పలువు రందురు. ఇది సరికాదు.

విద్యార్థులారా, ఆ ఫిలిములో బొమ్మకు రంగు ముందుగా నుండదు, కడుగునపుడు చేర్చెడివారు. అందున్నది వెలుగు సోకిన వెండి లవణము. దానిని నలుపు తెలుపులుగా వెలికిదీయు డెవలపరునకు ఇంటి సరకులే చాలును. 1995లో రాచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థయందు ఒక తరగతివారు కాఫీపొడితో దానిని చేసిరి. నేడు బట్టల సోడాయు, సి విటమినును కలుపుదురు. కాఫీలోని ఆమ్లము లవణమును వెండిగా మార్చును. సోడా యా పనికి బలమిచ్చును. పిదప హైపో బొమ్మను స్థిరపరచును.

పాత ఫిలిముపై మసక తప్పదు. అయినను అందు గతించిన తల్లి ముఖ ముండవచ్చును. దానికి వేరు ప్రతి లేదు. చీర రంగు తెలియదని ముఖమునే వదలుకొందుమా?