నవ్వినవాడా? నవ్వినవారా?

"హి హూ లాఫ్స్ లాస్ట్ లాఫ్స్ బెస్ట్" అన్న ఆంగ్ల సామెతను మన బడుల్లో తరతరాలుగా వల్లె వేయించాము. చివర నవ్వినవాడిదే అసలైన నవ్వు అని భావం. "హి హూ హెసిటేట్స్ ఈజ్ లాస్ట్", "టు ఈచ్ హిజ్ ఓన్" మొదలైనవీ ఆ కోవలోనివే. వీటిలోని పుంలింగ సర్వనామాలను తొలగించి 'దే', 'దెయిర్' అని పెట్టవచ్చునా అన్న చర్చ ఆంగ్లంలో చిరకాలంగా సాగుతున్నది. "టు ఈచ్ దెయిర్ ఓన్" ఇప్పుడు అచ్చులోనూ కనబడుతున్నది. వ్యాకరణాభిమానులైన కొందరు మిత్రులకు అది కర్ణకఠోరం. నాకు కాదు.

ఒక్కరిని గురించి చెబుతూ 'దే' అనడం నిన్నమొన్నటి కల్పన కాదు. 14వ శతాబ్దపు చాసర్‌లో ఉంది, షేక్‌స్పియర్‌లో ఉంది, జేన్ ఆస్టెన్ నవలల్లో కొల్లలు. 'హి' అంటే స్త్రీపురుషులిరువురూ అన్న సూత్రాన్ని బిగించినవారు 18వ శతాబ్దపు వ్యాకర్తలు. వారిలో తొలివరుసలో నిలిచిన ఆన్ ఫిషర్ ఒక ఉపాధ్యాయురాలు కావడం విచిత్రమే! ఏకవచనానికి బహువచన రూపమేమిటని ఆక్షేపించేవారు 'యు' సంగతి మరచిపోతారు. అదీ ఒకనాటి బహువచనమే గదా, 'దౌ' అనే ఏకవచనాన్ని మింగి కూర్చున్నది. "మా గురువుగారు వచ్చారు" అంటే పదిమంది గురువులు వచ్చారని తెలుగువాడెవడూ భ్రమపడడు. మనం గౌరవం కోసం చేసిన పనిని వారు లింగం తెలియనిచోట చేశారు, అంతే.

"హి-లోనే షి ఇమిడి ఉంది, ఇక మార్పెందుకు?" అన్న వాదమే నాకు మింగుడుపడదు. 1850లో బ్రిటిషు పార్లమెంటు ఆ మాటను చట్టమే చేసింది. 1867 నాటి సంస్కరణ చట్టం ఓటుహక్కును 'మ్యాన్'కు ఇచ్చింది. అయితే ఆ మాటలో మేమూ ఉన్నామంటూ మాంచెస్టరులో ఐదువేలకు పైగా స్త్రీలు ముందుకు వచ్చారు. 1868లో న్యాయస్థానం కాదు పొమ్మన్నది. శిక్షలకూ పన్నులకూ ఇమిడిన ఆడది ఓటు దగ్గరకు వచ్చేసరికి ఇమడలేదన్నమాట! మన 1860 నాటి శిక్షాస్మృతి కూడా 'హి' అంటే స్త్రీ కూడా అన్నది. 2024 జూలైలో అమలైన భారతీయ న్యాయ సంహిత ఆ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్లను చేర్చింది. 'హి' మాత్రం పీట దిగలేదు.

అట్లాగని పాతపుస్తకాలన్నీ దిద్దమనను. అచ్చయిన సామెతను ఉన్నదున్నట్లు ఉంచవలసిందే. "వన్ మ్యాన్స్ మీట్ ఈజ్ అనదర్ మ్యాన్స్ పాయిజన్"లో 'మ్యాన్' తీసి 'పర్సన్' పెడితే ఆ మాట నడక కుంటుపడుతుంది. మనం కొత్తగా పలికేటప్పుడు, పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం వెసులుబాటు ఉంది. "లుక్ బిఫోర్ యు లీప్" వంటివాటిలో లింగమే లేదు. 'హి హూ' ఉన్నచోట 'హూఎవర్' అన్నా కొంప మునగదు.

ఇందులో మనం మరీ విర్రవీగనక్కరలేదు. "నవ్విన నాపచేనే పండుతుంది" అన్న మన సామెతలో నవ్విందెవరో, ఆడో మగో, ఆ ఊసే లేదు, నిజమే. కాని "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు" అన్నచోట అందరూ మగవారే. పైగా ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవూ వచ్చింది! బహువచనంలోకి వెడితేనే మన స్త్రీకి 'వారు'లో చోటు దొరుకుతుంది.

అందుకే తెలుగు చేసేటప్పుడు నేను "చివర నవ్వినవారిదే నవ్వు" అని రాస్తాను. 'వాడిదే' అంటేనే తూగు బాగుంటుందనే మిత్రులున్నారు. గురులఘువులు వేసి చూడండి, రెండింటికీ ఒకటే లెక్క.